ఎడారి సముద్రమును కలియుచోట

ఎడారి యనిన నీరు లేని చోటు. సముద్ర మనిన నీరు తప్ప మఱేమియు లేని చోటు. ఈ రెండును ఒకదాని నొకటి తాకుచోట ఎవరైన కాపుర ముందురా యని మనకు తోచుట సహజము. కాని భూగోళమున అట్టి తీరములు పెక్కు కలవు. ఆఫ్రికా నైఋతి యంచున నమీబియా తీరము, దక్షిణ అమెరికా పడమటి యంచున అటకామా తీరము, మన దేశమున కచ్ఛ తీరము అట్టివి. అట్టి తీరములలో ఒకదానిని గూర్చియు, అచ్చట నివసించు ఒక చిన్న జాతిని గూర్చియు, ఆ జాతి తన సముద్రమును, తన తెలివిని ఎట్లు నిలుపుకొనుచున్నదో దానిని గూర్చియు ఈ వ్యాసమున వ్రాయదలచితిని. మన పాఠశాలకు బిడ్డలను పంపు తలిదండ్రులకు మొదట ఇది దూరదేశపు ముచ్చటగ తోచవచ్చును. చదివిన పిమ్మట అంత దూరపుది కాదని తోచునని నా నమ్మకము.

మెక్సికో దేశపు వాయవ్య భాగమున సొనోరా యను రాష్ట్రము కలదు. దానికి పడమటివైపున కాలిఫోర్నియా సింధుశాఖ. ఇది 1,100 కిలోమీటర్లకు పైగా పొడవు కలిగి, ఒక ప్రక్క ప్రధానభూమికిని మఱియొక ప్రక్క సన్నని ద్వీపకల్పమునకును నడుమ చిక్కుకొన్న సముద్రము. ఢిల్లీ నగర మున్న అక్షాంశమునకు చేరువగ, ఈ సింధుశాఖ తూర్పుగట్టున కీనో యను చిన్న రేవు గ్రామ మున్నది. 1711లో మరణించిన యుసేబియో కీనో యను క్రైస్తవ మతాచార్యుని పేర ఆ ఊరికా పేరు వచ్చినది. ఊరి వెనుక సొనోరా ఎడారి. అచ్చట సంవత్సరమునకు కురియు వాన 200 మిల్లీమీటర్లకు లోపే. మనుష్యుని ఎత్తునకు అయిదారింతలు పెరిగి స్తంభములవలె నిలిచియుండు జెముడు చెట్లు, మన జమ్మికిని సర్కారుతుమ్మకును దాయాదియైన మెస్కీట్ చెట్టు, గొడ్డలికి లొంగని ఇనుపకఱ్ఱ చెట్టు ఆ నేలకు సొమ్ములు. ఈ చెట్లు ఉప్పునీటి అంచువరకును వచ్చి నిలిచియుండును. జెముడు నీడ అలలపై పడుట ఆ తీరమున వింత కాదు.

నేల యింత బీదదైనను నీరు మాత్రము మిక్కిలి భాగ్యవంతము. దీనికి కారణము గాలి. శీతకాలమున వాయవ్యపుగాలి బలముగ వీచి, పైనున్న వెచ్చని నీటిని త్రోసివేయును. దాని స్థానమును నింపుటకు లోతులనుండి చల్లని నీరు పైకి వచ్చును. అడుగున పేరుకొన్న ఎరువంతయు ఆ నీటితో పైకి వచ్చి ఎండ తగులగనే, కంటికి కనబడని సూక్ష్మమైన మొక్కలు కోట్లకొలది పుట్టును. వానిని తిను పురుగులు, పురుగులను తిను చిన్న చేపలు, చిన్న చేపలను తిను పెద్ద చేపలు, పక్షులు, తిమింగలములు వరుసగా వచ్చి చేరును. ఈ సింధుశాఖలో ఇంచుమించు 900 జాతుల చేపలు ఉన్నవని లెక్క. ఇందలి 244 దీవులను, తీరస్థలములను 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వపు జాబితాలో చేర్చినది. 2019లో ఆ జాబితాలోనే అపాయమున నున్నవానిలో చేర్చవలసివచ్చినది. సింధుశాఖ ఉత్తరపు కొసయందు తప్ప లోకమున మఱెచ్చటను లేని వకీటా యను చిన్న సముద్రపు పంది వలలలో చిక్కి నశించుచుండుటయే అందులకు కారణము. శాస్త్రజ్ఞులు దానికి పేరు పెట్టినది 1958లో. అది కనుమరుగు కాజొచ్చినది మన కాలముననే.

కీనోకు ఉత్తరముగ పోయినచో తీరమునకు ఎదురుగా తిబురోన్ అను పెద్ద దీవి కనబడును. సుమారు 1,200 చదరపు కిలోమీటర్లతో మెక్సికో దీవులన్నిటిలో ఇదియే పెద్దది. దీవికిని తీరమునకును నడుమ సుమారు 40 కిలోమీటర్ల పొడవున నిస్సారమైన లోతుగల జలసంధి యొకటి కలదు. స్పెయిను దేశపు నావికులు దాని పోటుపాటులకు, ఇసుకతిప్పలకు హడలిపోయి దానిని ఇన్‌ఫియెర్నియో, అనగా చిన్న నరకము, అని పిలిచిరి. అచ్చటి వారికి మాత్రము అది నరకము కాదు. వారి భాషలో దాని పేరు ‘ఇఱుకు సముద్రము’ అని మాత్రమే. ఒకే నీటికి పెట్టిన రెండు పేర్లలో ఒకటి భయమును చెప్పుచున్నది, ఒకటి కొలతను చెప్పుచున్నది. ఎవరు ఆ నీటిని ఎఱిగినవారో వేఱుగ చెప్ప నక్కఱలేదు.

ఆ ప్రజలను బయటివారు సేరీలందురు. వారు తమ్ము కొంకాకులమని చెప్పుకొందురు. వారి భాష పేరు క్మీకె ఈతొమ్. ఇది చుట్టుప్రక్కల ఏ భాషతోను చుట్టఱికము నిశ్చయముగ తేలని ఒంటరి భాష. వ్యవసాయ మెఱుగనివారు, నీరు లేనిచోట దున్ని చేయునది యేమున్నది? వేటయు, చేపలు పట్టుటయు, అడవికాయలు ఏరుటయు వారి జీవనము. దూరపు నీటిగుంటలనుండి నీరు మోసి తెచ్చుకొనుటకై వారు చేసిన కుండలు గ్రుడ్డుపెంకువలె పలుచనివని ప్రసిద్ధి. మోతబరువంతయు నీరే కావలెను గాని మన్ను కారాదు గదా! రెల్లుకట్టలతో పడవలు కట్టి జలసంధిని దాటెడివారు. యుద్ధముల వలనను, బయటినుండి వచ్చిన రోగముల వలనను 20వ శతాబ్దపు తొలి దశకములనాటికి వారు కొలదివందలకు తగ్గిపోయిరి. ఇప్పుడు సుమారు వేయిమంది యుందురు. పుంత చువేక, ఎల్ దెసెంబోకె అను రెండు తీరగ్రామములలో వారి నివాసము. వేయిమంది మాటలాడు భాష యనిన మన పట్టణములో ఒక్క వీధిలోని జనసంఖ్య.

ఇంత చిన్న భాషలో ఏమి యిమిడియున్నదో బయటిలోకమునకు తెలిసినది 1973లో. ఆ సంవత్సరము రిచర్డ్ ఫెల్గర్ అను వృక్షశాస్త్రజ్ఞుడును, మేరీ బెక్ మోజర్ అను భాషాశాస్త్రజ్ఞురాలును కలిసి ‘సైన్స్’ అను ప్రసిద్ధ పత్రికలో ఒక వ్యాసము ప్రకటించిరి. మోజర్ దంపతులు 1951 మొదలు ఎల్ దెసెంబోకెలో నివసించి ఆ భాషను నేర్చినవారు. వ్యాసపు విషయము సముద్రమున పండు ధాన్యము. ఇన్‌ఫియెర్నియో అడుగున సన్నని పొడవాటి ఆకులుగల సముద్రపు గడ్డి పొలములవలె పెరుగును. ఇది నాచు కాదు. పూచి, కాచి, గింజ కట్టు నిజమైన మొక్క. చల్లని సముద్రములలో ఈ గడ్డి ఏండ్లతరబడి బ్రదుకును. ఇచ్చట మాత్రము వేసవినీరు మిక్కిలి వేడెక్కుటచే ఏటేట చచ్చి, గింజలనుండి మరల మొలకెత్తవలసివచ్చును. కావుననే ఇచ్చట గింజ విస్తారముగ పట్టును. ఏప్రిల్ ప్రాంతమున పంటకు వచ్చిన గడ్డి తెగి తేలి, కుప్పలుకుప్పలుగ ఒడ్డునకు కొట్టుకొనివచ్చును. కొంకాకు స్త్రీలు దానిని ప్రోగుచేసి, ఎండబెట్టి, కొట్టి గింజ రాల్చి, చెరిగి, వేయించి, పొట్టు పోగొట్టి, విసరి పిండిచేసి, జావ కాచెడివారు. ఆ జావలో తేనెగాని తాబేటినూనెగాని కలుపుకొని త్రాగుట వారికి రుచి. గింజలో దాదాపు సగము పిండిపదార్థము. మాంసకృత్తులును తగినంత కలవు. లోకమున మనుష్యులు సముద్రమునుండి ధాన్యము పండించుకొని తినుట ఇది యొక్కటియే యని ఆ వ్యాసము చెప్పినది. మంచినీరు అక్కఱలేదు, దుక్కి లేదు, ఎరువు లేదు.

ఆ గింజకు వారి భాషలో ఖ్నోయిస్ అని పేరు. ఆ పంట కోతకు వచ్చు నెలకు ఆ గింజపేరనే పేరు పెట్టుకొనిరి. ఉత్తరమునుండి వలసవచ్చు ఒక సముద్రపు బాతునకు ‘ఖ్నోయిస్ రాకను ముందుగ చెప్పునది’ అని అర్థము వచ్చు పేరు కలదు. ఆ బాతు గడ్డికై నీట మునుగుట మొదలిడినచో పంట దగ్గఱపడినదని గుర్తు. ఒక్క పక్షిపేరులో పక్షియు, పంటయు, ఋతువును ఇమిడియున్నవి. ఆ పేరు ఎఱిగిన బాలునకు పంచాంగము చేతిలో నున్నట్లే. స్పానిష్ భాషలో ఆ పక్షికి పేరున్నది. కాని ఆ పేరు గడ్డిని గూర్చి యేమియు చెప్పదు. ఫెల్గర్, మోజర్ 1985లో ప్రకటించిన బృహద్గ్రంథమున 400కు పైగా మొక్కలను గూర్చి కొంకాకుల తెలివిని సేకరించిరి. గ్రంథమునకు వారిడిన పేరు ‘ఎడారియు సముద్రమును గల ప్రజలు’ అను నర్థము నిచ్చునది. నడుమ ఒక మాట. ఇటీవలి సంవత్సరములలో స్పెయిను దేశపు కాదిజ్ తీరమున ఆంఖెల్ లెయోన్ అను పేరుగల పాకశాస్త్రవేత్త ఈ గడ్డినే పెంచి, దాని గింజను గొప్ప భోజనశాలలో వడ్డించి, పత్రికలలో మిక్కిలి పేరు పొందెను. కొంకాకు అవ్వలు తరతరములుగ కాచిన జావయే అది!

ఇక తాబేటి కథ. ఇది కొంత దుఃఖకరమైనది, కాని దీనిని చెప్పక తీఱదు. కొంకాకులకు పచ్చతాబేలే ముఖ్యమైన ఆహారము. దానిని వారు మోస్ని యందురు. మనకు ఒక్క జాతిగ కనబడు దానిని వారు రంగును, పరిమాణమును, నడవడిని బట్టి పలుతెగలుగ విభజించి వేర్వేఱు పేర్లతో పిలుతురు. అందులో ఒక పేరు ‘మోస్ని హంత్ కొయిత్’, అనగా నేలపై దిగి కూర్చున్న తాబేలు. శీతకాలమున కొన్ని తాబేళ్లు ఈదుట మాని, జలసంధి అడుగున ఇసుకలోను గడ్డిలోను సగము కప్పబడి, నెలలతరబడి నిద్రించునని వారు చెప్పెడివారు. తాబేళ్లు ఊపిరికై పైకి రావలసిన జంతువులు గావున శాస్త్రజ్ఞుల కీ మాట నమ్మశక్యముగ లేకుండెను. చివరకది నిజమని తేలినది. 1976లో ఫెల్గర్, ఆయన తోటివారు దానిని ‘సైన్స్’ పత్రికలోనే ప్రకటించిరి. కాని అప్పటికే ఆలస్యమైనది. కొంకాకులు చలికాలపు నిర్మలమైన నీటిలో పడవపైనుండి పొడవాటి ఈటెతో ఒకటి రెండు తాబేళ్లను పొడిచి తెచ్చుకొనెడివారు. 1970 తరువాతి తొలి సంవత్సరములలో బయటి జాలరులు గాలియంత్రపు గొట్టములు నోట కఱచుకొని అడుగునకు దిగి, నిద్రించుచున్న తాబేళ్లను రాళ్లేరినట్లు ఏరుకొని బజారులకు పంపసాగిరి. కొలది శీతకాలములలోనే ఆ నిద్రించు తాబేళ్లు ఇంచుమించు లేకుండ పోయినవి. లోకము ఒక వింతను తెలిసికొనుటయు, దానిని పోగొట్టుకొనుటయు ఒకే దశాబ్దమున జరిగెను.

ఇందు కొంకాకుల తప్పు లేదా యని అడుగవచ్చును. వారును తాబేటిని తినినవారే. కొందఱు అమ్మినవారును కలరు. వారిని దోషము లేని మునులుగ చిత్రించుట నా యుద్దేశము కాదు. భేద మెచ్చట నున్నదనగా, వారి పద్ధతిలో వేటకు ఒక ఋతువు, ఒక పాట, ఒక హద్దు కలవు. అన్నిటికంటె పెద్దదైన తోలువీపు తాబేటిని వారు తమ బంధువుగ భావింతురు. అది తమ భాషను అర్థముచేసికొనునని వారి నమ్మకము. అది దొరకినపుడు దాని వీపునకును తమ ముఖములకును రంగులద్ది, నాలుగు దినములు పాటలతో ఉత్సవము జరుపుదురు. హద్దు లేనివాడు యంత్రముతో వచ్చినపుడు పాట యేమి చేయగలదు? దానికి చట్టము తోడు కావలెను.

చట్టము వచ్చినది, కాని ముక్కలుముక్కలుగ వచ్చినది. 1963లో మెక్సికో ప్రభుత్వము తిబురోన్ దీవిని వన్యమృగముల రక్షణస్థలముగ ప్రకటించెను. అయినను ఆ యుత్తరువుతో దీవి కొంకాకులది కాలేదు. 1970లో తీరభూమిపై వారికి ఉమ్మడి హక్కు లభించెను. 1975లో దీవియు వారి ఉమ్మడి ఆస్తి యని రాష్ట్రపతి ఉత్తరువు వెలువడెను. ఆ సంవత్సరముననే జలసంధిలో చేపలు పట్టు హక్కు వారికి మాత్రమే ఈయబడెను. ఈ చివరి ఉత్తరువు మిక్కిలి ముఖ్యమైనది. ఎందుకనగా సముద్రమునకు తలుపు పెట్టుట సామాన్యముగ ఎచ్చటను జరుగదు. 1990లో సముద్రపు తాబేళ్లను పట్టుట మెక్సికో దేశమంతటను నిషేధింపబడెను.

తలుపు ఉన్నంతమాత్రమున చాలదు. దానికి గడియ వేయువారు కావలెను. ఇన్‌ఫియెర్నియోలో ఇసుకలో నిలువుగ పాతుకొనియుండు గొడ్డలి ఆకారపు పెద్ద చిప్పలు దొరకును. వాని కండకు బజారులో మంచి ధర. కీనో రేవున ఎవరు వచ్చినను పట్టుకొనవచ్చును గనుక అచ్చటి చిప్పలు త్వరలో తగ్గిపోయినవి. ప్రక్కనేయున్న కొంకాకుల జలసంధిలో మాత్రము తగ్గలేదు. ఇది ఎట్లు జరిగెనో షావియెర్ బసుర్తో అను పరిశోధకుడు వారితో మెలగి తెలిసికొని 2005లో ప్రకటించెను. బయటి పడవ లోనికి రావలెనన్న రుసుము చెల్లింపవలెను, లేదా ఒక కొంకాకు మనిషిని పడవలో ఎక్కించుకొనవలెను. ఆ మనిషి కూలిలో పాలు పొందుటయే కాదు, కన్నును వేసియుంచును. మిక్కిలి పెద్ద పాటులలో మాత్రమే బయటపడు ఇసుకతిప్పలను యంత్రములతో మునుగువారు ముట్టరాదు. అవి పడవ లేని స్త్రీలకు, వృద్ధులకు, పిల్లలకు విడువబడినవి. చలికాలము మొదలు వసంతమువరకు సముద్రపు గడ్డి దట్టముగ పెరిగి చిప్పలను కప్పివేయును. ఆ కాలమున అచ్చట వెదకుట వ్యర్థము. అనగా ఏటేట కొంతకాలము గడ్డియే కావలి కాయును. ఈ కట్టుబాటులలో ఏ యొక్కటియు ప్రభుత్వ కార్యాలయమున వ్రాయబడినది కాదు. వారి సంప్రదాయ రక్షకదళము పడవలపై తిరిగి వీనిని అమలు జరుపుచుండును. వారిలోను తగవులున్నవి, పక్షపాతమున్నది, దొంగతనముగ లోనికి వచ్చువారును కలరు. అయినను బేరీజు వేసి చూచినచో కాగితముపై గొప్ప చట్టములున్న పొరుగు రేవుకంటె ఇచ్చటనే సముద్రము బాగుగ నున్నది.

దీవిపైని గొఱ్ఱెల ముచ్చటను గూడ చెప్పి ముందుకు పోయెదను. 1975లో పెద్దకొమ్ముల అడవిగొఱ్ఱెలు 20 ప్రధానభూమినుండి తెచ్చి తిబురోన్‌పై విడువబడెను. పులి జాతి మృగములు లేని దీవిలో అవి పెరిగి 1990 తరువాతి దశాబ్దమున ఇంచుమించు 500 అయ్యెను. మేలైన పొట్టేటిని వేటాడు అనుమతి ఒక్కొక్కటి విదేశపు ధనికులకు పదులవేల డాలర్లకు వేలము వేయబడి, ఆ సొమ్ములో కొంత గొఱ్ఱెల రక్షణకును కొంత గ్రామమునకును చేరుచున్నది. వేటతో రక్షణయా యని మనలో పలువురు నొసలు చిట్లింతురు. నాకును అది సుఖముగ లేదు. పైగా దీవిలో లేని జంతువును తెచ్చి విడిచిరని ఆక్షేపణ యుండెడిది. 2014లో ఒక వింత బయటపడెను. దీవిలోని ఒక గుహలో దొరకిన ఎండిన పేడను పరీక్షింపగా, సుమారు 1,500 సంవత్సరముల క్రిందట ఆ గొఱ్ఱెలు అచ్చటనే బ్రదికి నశించినవని తేలెను. ఆ జ్ఞాపకము కొంకాకుల భాషలోను మిగులలేదు. భాష అన్నిటిని దాచదని ఒప్పుకొనవలెను.

ఇక విద్య. పెద్దల తెలివి పెద్దలతోనే పోవుచున్నదన్న భయము 1990 తరువాత ఆ గ్రామములలో బలపడెను. పిల్లలు బడికి పోవుచున్నారు, బడిలో స్పానిష్ ప్రధానభాష. ఎడారిలో తిరుగుటకు వారికి తీరికయు లేదు, తోడుగ తీసికొనిపోవు తాతకు ఓపికయు లేదు. ఆ దశాబ్దపు చివర గేరీ నభాన్ మున్నగు శాస్త్రజ్ఞుల సహాయముతో కొంకాకు యువకులకు, యువతులకు ఒక శిక్షణ యేర్పాటయ్యెను. దానిలోని విశేషమేమనగా ఇద్దఱు గురువులు. బయటినుండి వచ్చిన జీవశాస్త్రజ్ఞుడు తాబేటిని కొలుచుట, గుర్తుబిళ్ల వేయుట, లెక్క వ్రాయుట నేర్పును. గ్రామపు వృద్ధుడు ఆ తాబేటి తెగల పేర్లు, వాని పాటలు, ఏ గాలికి ఏ నీటిలో దొరకునో నేర్పును. విద్యార్థి రెండింటిని ఒకే పుస్తకమున వ్రాసికొనును. ఈ సంప్రదాయ విజ్ఞానమును గూర్చి నభాన్ 2003లో ఒక గ్రంథమును ప్రకటించెను. ఇట్లు నేర్చిన యువజనులే తరువాత తాబేళ్ల రక్షణసంఘముగ ఏర్పడి, వలలో పడిన తాబేళ్లను కొలిచి విడుచుచు, సింధుశాఖ అంతట నడచు తాబేళ్ల లెక్కలో పాలుపంచుకొనుచున్నారు. తాత ఈటెతో పొడిచినదానిని మనుమడు కొలబద్దతో కొలుచుచున్నాడు.

ఈ తాబేళ్లు గ్రుడ్లు పెట్టునది ఇచ్చట కాదు. దక్షిణముగ ఎంతో దూరమున మిచోవకాన్ తీరపు కొలోలా గ్రామమున. అచ్చట నాహువా యను మఱియొక చిన్న భాషాజాతి గ్రామస్థులు, ఒక విశ్వవిద్యాలయపు తోడ్పాటుతో, 1970 తరువాతి దశాబ్దపు చివరినుండి ఇసుకతీరమున రాత్రింబవళ్లు కాపుకాసి గ్రుడ్లను రక్షించుచున్నారు. మొదట వందలకు పడిపోయిన తల్లితాబేళ్లు ఇప్పుడు మరల వేలసంఖ్యలో వచ్చుచున్నవి. మేత ఒక జాతి ఇంట, పురుడు మఱియొక జాతి ఇంట. ఈ రెండు గ్రామములలో ఏది అజాగ్రత్తగ నున్నను రెండవదాని శ్రమ వ్యర్థము.

కీనోలో అరిజోనా రాష్ట్రపు ప్రెస్కాట్ కళాశాల దశాబ్దములుగ ఒక అధ్యయనకేంద్రమును నడపినది. దాని విద్యార్థులు సముద్రపక్షులను లెక్కించుట, ఉప్పుకయ్యలో తాబేళ్లను పరిశీలించుట మున్నగు పనులతోపాటు, ఊరి బడిపిల్లలను మడచెట్లలోనికిని పక్షుల దీవులయొద్దకును తీసికొనిపోయి చూపుచు వచ్చిరి. ఆ పిల్లలలో పెక్కుమంది జాలరుల బిడ్డలు. అయినను కొందఱు తమ యూరికి కూతవేటు దూరమున నున్న మడయడవిలో అడుగు పెట్టియే యుండరు. మన పిల్లలు మాత్రము మన యూరి చెఱువుగట్టు చుట్టి ఎన్నినాళ్లైనదో!

భాష విషయమున గొప్ప కృషి 2005లో ఫలించెను. మేరీ మోజర్, స్టీఫెన్ మార్లెట్ అనువారు కొంకాకు పెద్దల సహకారముతో క్మీకె ఈతొమ్, స్పానిష్, ఇంగ్లీషు భాషల నిఘంటువును ప్రకటించిరి. పిల్లలు ఇప్పటికిని ఇంట ఆ భాషనే మాటలాడుచున్నారు. అది మంచి మాట. కాని ఖ్నోయిస్ జావ ఇప్పుడు నిత్యాహారము కాదు. అంగడిలో గోధుమపిండి, పంచదార సులభముగ దొరకుచున్నవి. కోత, దంపు, విసరుట ఎవరికి కావలెను? పని పోయినచోట మాట ఎంతకాలము నిలుచునో నాకు సందేహమే. నిఘంటువులో మాట దొరకును. ఏ వాసన వచ్చినపుడు గడ్డి పండినట్లో అది నిఘంటువులో దొరకదు. కావుననే అచ్చటి పెద్దలు పుస్తకముతో తృప్తిపడక, పిల్లలను పడవ నెక్కించుకొని పోవుచున్నారు.

ఇంతకును ఈ కథ మనకు ఏమి సంబంధమని అడుగువారికి ఋషికుల్యా నదీముఖమును చూపెదను. ఒడిశా రాష్ట్రపు గంజాం జిల్లాలో ఈ నది సముద్రమున కలియుచోట ఒలివ్ రిడ్లే తాబేళ్లు గుంపులుగ వచ్చి గ్రుడ్లు పెట్టునని శాస్త్రజ్ఞులు గుర్తించినది 1994లో. ఆ తీరమున పొదంపేట మొదలగు పల్లెలలో తరతరములుగ నివసించు జాలరులలో పలువురు తెలుగువారు. ఇంట తెలుగు, బడిలో ఒడియా. సముద్రమును గూర్చిన మాటలన్నియు తెలుగులోనే. తెప్పకట్టు, వలకన్ను, నీటిపోటు, గాలిదిక్కు వీనిని గూర్చి వారు వాడు మాటలు మన పట్టణపు బడిపుస్తకములలో కానరావు. సముద్రము తీరమును కోసివేయుచుండుటచే పొదంపేటలో ఎన్నో ఇండ్లు పోయినవి. కుటుంబములు లోపలికి తరలవలసివచ్చినది. అయినను ఆ ప్రాంతపు గ్రామస్థులే సంఘములుగ ఏర్పడి, గ్రుడ్లు పెట్టు రాత్రులలో కుక్కలను, నక్కలను తోలుచు, త్రోవ తప్పి దీపములవైపు పోవు పిల్లతాబేళ్లను బుట్టలలో ఏరి అలలలో విడుచుచు వచ్చిరి. 2025 ఫిబ్రవరిలో అచ్చట 6 లక్షలకు పైగా తాబేళ్లు గ్రుడ్లు పెట్టినవని లెక్క తేలెను.

వచ్చు సంవత్సరము ఈ తీరమునకు పిల్లలను తీసికొనిపోదలచు తలిదండ్రులకు రెండుమూడు సంగతులు. తాబేళ్లు సామాన్యముగ ఫిబ్రవరి, మార్చి నెలలలో వచ్చును. ఏ రాత్రి వచ్చునో ముందుగ చెప్పలేము, గాలిదిక్కు ఎఱిగిన జాలరి మాట వినుటయే మేలు. పిల్లలు గ్రుడ్లనుండి వెలువడుటకు సుమారు ఒకటిన్నర నెల పట్టును. బడిపిల్లలు చూచుటకు ఈ సమయమే అనుకూలము. అటవీశాఖ అనుమతి పొందవలెను. చేతిదీపములు, ఛాయాచిత్రములకై వెలుగులు కూడవు. నల్లని దుస్తులు ధరించుట మంచిది. గ్రామస్థుడొకడు వెంట లేనిదే ఇసుకపై అడుగిడరాదు, ఏలయన గ్రుడ్లున్న గుంట పైకి కనబడదు. వెళ్లునపుడు పిల్లల చేతికి ఒక చిన్న పుస్తకము, ఒక పెన్సిలు ఇచ్చి, ఆ పల్లెలోని ముసలివారు గాలులకును, చేపలకును వాడు పేర్లను విన్నవి విన్నట్లు తెలుగులో వ్రాసికొనిరమ్మని చెప్పుడు. అట్లు తెచ్చిన మాటలను పాఠశాలలో చేర్చి భద్రపఱచుటకు మా ఉపాధ్యాయులు సిద్ధముగ నున్నారు.